పానకం పంచే చోట పథ్యం

శ్రీరామనవమి నుంచి పున్నమి దాకా ఒంటిమిట్టలో ఎవరింటికి పోయినా చేతిలో పానకం గ్లాసు పెడతారు. కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెట్లో. ఆ ప్రసాదాన్ని వద్దనేదెట్లా? డయాలసిస్ మీదున్న మా చిన్నాయనకు ఇదే గండం. బెల్లంలో పొటాషియం, పైన గ్లాసెడు నీళ్లు.

డయాలసిస్ వాళ్లకు నోరు కట్టుకోవడం చాతగాదని తేలిగ్గా అనేస్తారు. వారానికి మూడుసార్లు కడపకు పోయి, నాలుగేసి గంటలు కదలకుండా పడుకునే మనిషికి నిగ్రహం లేదంటే నేను నమ్మను. ఆసుపత్రిలో ఆయనకిచ్చిన పథ్యం కాగితంలో చపాతీ, ఆపిల్ ఉన్నాయి. ఇంట్లో ఉడికేది రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, చింతపండు పప్పు.

అసలు తికమక మాంసకృత్తుల దగ్గర. కిడ్నీలు దెబ్బతింటున్న దశలో వాటిని తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. యంత్రం ప్రతిసారీ రక్తంలోని అమైనో ఆమ్లాలను కొంత లాగేస్తుంది కాబట్టి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు తినాలని 2020 నాటి అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. అరవై కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. మా చిన్నమ్మ పాత మాటే పట్టుకొని గుడ్డు పెట్టేది కాదు. చిన్నాయన పథ్యం తప్పి కాదు, కాలం చెల్లిన పథ్యాన్ని గట్టిగా పట్టుకొని చిక్కిపోయినాడు.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. నలభై డిగ్రీలు దాటే కడప ఎండలో, రోజూ పోసే మూత్రం కొలతకు అరలీటరో ముప్పావు లీటరో కలిపి అంతే తాగమంటారు. నీళ్ల చెంబును దాచి లాభంలేదు, ఉప్పును పట్టుకోవాల. ఊరగాయ, ఊరుమిరపకాయ తిన్నాక దప్పిక ఆగుతుందా? పట్నం నుంచి కొడుకులు ‘తక్కువ సోడియం’ ఉప్పు తెస్తారు, పాపం ప్రేమతోనే. అందులో సోడియం తగ్గించిన చోట కలిపేది పొటాషియం క్లోరైడ్. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చలవ చేస్తుందని బంధువులు తెచ్చే కొబ్బరిబోండాంలోనూ ఆ పొటాషియమే.

కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత దిగుతుంది. ఈ మాట తెలియాల్సింది పొయ్యి దగ్గరుండే మనిషికి. చెప్పేది మాత్రం మంచం మీదున్న మనిషికి. వండే మనిషేమో ఆసుపత్రిలో బయట బెంచీ మీద క్యారియర్ పట్టుకొని కూర్చోనుంటుంది. మొన్న చిన్నమ్మను కూడా లోపలికి పిలవమని ఆసుపత్రి వాళ్లను అడిగాను. ఆమె పోతూనే, “సంగటి ఎంత పెట్టొచ్చు సార్? పప్పులోకి చింతపండు ఎంతేయాల?” అనింది. ఇన్నాళ్లూ ఆ కాగితంలో లేనివి ఈ రెండే.