యోబు గ్రంథము: ప్రశ్న, విశ్వాసము

క్రైస్తవ కుటుంబములలో మరణము సంభవించినపుడు భూస్థాపన ప్రార్థనయందు యోబు పేరు వినబడుట మన ప్రాంతమున పరిపాటి. సంతానమును సంపదను ఒక్కనాడే కోల్పోయియు, దైవమును దూషింపక నేల వ్రాలి మ్రొక్కిన యోబు అచ్చట ఆదర్శముగా చూపబడును. యోబు ఓర్పు లోకోక్తియైనది. కాని ఈ ఆదర్శము గ్రంథమునందలి మొదటి రెండధ్యాయములకు చెందినది. మూడవ అధ్యాయమున యోబు తాను పుట్టిన దినమును శపించుచు నోరు తెఱచును. అది మొదలు ముప్పదియొకటవ అధ్యాయము ముగియువఱకు అతని నోట వెలువడునవి చాలవఱకు మొఱలు, ప్రశ్నలు, సవాళ్లు. దుఃఖితుని యెదుట మొదటి రెండధ్యాయములను మాత్రమే చదివి పుస్తకము మూసినచో, ప్రశ్నింపరాదని అతనిని శాసించినట్లే యగును. గ్రంథము నిజముగా అట్లు శాసించుచున్నదా? విశ్వాసమునకును ప్రశ్నకును ఇందు గల సంబంధమెట్టిది? ఈ వ్యాసమున విచార్యమైన విషయమిది.

గ్రంథ స్వరూపము

42 అధ్యాయములు గల ఈ కృతి హీబ్రూ జ్ఞాన సాహిత్యమునకు చెందినది. క్రీ.పూ. 6వ శతాబ్దికిని 4వ శతాబ్దికిని నడుమ ఇది ప్రస్తుత రూపమును పొందెనని పండితులలో పెక్కుర అభిప్రాయము. ఉపక్రమోపసంహారములు గద్యము, నడిమి భాగము పద్యము. పద్యభాగమున యోబునకును అతని మువ్వురు మిత్రులకును సంవాదము మూడావృత్తులుగా సాగును. మూడవ ఆవృత్తి చెదరియున్నది. బిల్దదు ప్రసంగము ఆరు వచనములతోనే ముగియును. జోఫరు అసలు మాటలాడడు. ఎలీహు ప్రసంగములు 32 మొదలు 37 వఱకు గల అధ్యాయములను ఆక్రమించినను, ఉపసంహారమున అతని ప్రసక్తియే లేకుండుటచే ఆ భాగము తరువాతి చేర్పని పలువురు తలంచిరి. ఈ పాఠ సమస్యలు ముఖ్యములే యైనను, గ్రంథమిప్పుడున్న రూపమున ఒక సుసంగతమైన అర్థమును ఇచ్చుచున్నదని నా అభిప్రాయము. కావున ఈ విచారణ ఆ రూపమునే ఆధారముగా గైకొనును.

పందెము, దాని గోప్యత

కథకు బీజము దివ్యసభలో జరిగిన ఒక వాదము. యోబు భక్తిని దేవుడు ప్రశంసింపగా, అపవాది యొక ప్రశ్న వేయును: ఇతని భక్తి ఊరక కలిగినదేనా? కలిమిని కంచెగా వేసి కాపాడుటచే కదా ఇతడు భక్తుడైనాడు? ఇచ్చట మూలమున వాడబడిన హీబ్రూ పదము 'హిన్నాము'. దానికి 'నిష్కారణముగా', 'ప్రతిఫలము లేక' అని అర్థము. రెండవ అధ్యాయమున దేవుడు తిరిగి ఇదే పదమును ప్రయోగించును. యోబును నిష్కారణముగా నశింపజేయ నన్ను ప్రేరేపించితివని ఆయన అపవాదితో అనును. తొమ్మిదవ అధ్యాయమున, ఈ సంభాషణ నెఱుగని యోబే, తన గాయములు నిష్కారణములని మొఱ పెట్టునపుడు మరల ఆ మాటనే పలుకును. ఒకే పదము భక్తికిని బాధకును విశేషణమగుట యాదృచ్ఛికము కాదు. బాధకు కారణమేమి యన్నది యోబు వేసిన ప్రశ్న. కారణము లేని భక్తి సాధ్యమా యన్నది గ్రంథము వేసిన ప్రశ్న. మన భాగవత సంప్రదాయమున అహేతుక భక్తి యనబడునదానినే ఇచ్చట దివ్యసభ సందేహించుచున్నది.

తెలుగు పాఠకునకు ఈ ఘట్టమున హరిశ్చంద్రుడు స్ఫురింపక మానడు. గౌరన ద్విపద కావ్యమునందును ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల వాదమే కథకు మూలము. అచ్చటను భూమిపై నున్న సత్యసంధుడు తానెఱుగని పందెమునకు గుఱి యగును. కాని పోలిక ఇంతటితో ముగియును. హరిశ్చంద్రుని కథాంతమున దేవతలు ప్రత్యక్షమై తెర తీయుదురు, లోహితుడు బ్రతుకును, జరిగినదెల్ల పరీక్షయేనని రాజు తెలిసికొనును. యోబునకు ఈ భాగ్యము లేదు. దేవుడతనితో ప్రసంగించినను పందెమును గూర్చి యొక్కమాటయైన చెప్పడు. ఉపసంహారమున అపవాది పేరే కానరాదు. పాఠకుడెఱిగిన రహస్యమును నాయకుడు మరణ పర్యంతము ఎఱుగడు.

ఈ గోప్యత కథనలోపము కాదు. కారణము తెలిసిన పిదప యోబు భక్తి మరల సహేతుకమగును. తన ఓర్పు దివ్యసభలో లెక్కకు వచ్చుచున్నదని ఎఱిగి ఓర్చుట వేఱు, ఏమియు నెఱుగక నిలుచుట వేఱు. కావుననే సమాధానము లేకుండుట ఈ కృతి నిర్మాణములోనే ఇమిడియున్నది. అయితే దీనినే తీసికొని దుఃఖితునకు వివరణగా చెప్పుట మరల మిత్రుల త్రోవ త్రొక్కుట యగును. ఇది పాఠకుడు కావ్యమును గూర్చి తెలిసికొనవలసిన విషయమే కాని, బూడిదలో కూర్చున్నవానికి వినిపింపవలసిన మాట కాదు.

మిత్రుల వాదము

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనువారు దుష్టులు కారు. వారు దూరము నుండి వచ్చి, మిత్రుని గుర్తింపలేక యేడ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి. గ్రంథమున వారు చేసిన ఉత్తమ కార్యమిదియే. నోరు తెఱచిన తరువాత వారు చెడిరి. వారి సిద్ధాంతము సరళమైనది: నీతిమంతుడు వర్ధిల్లును, పాపి నశించును, యోబు నశించుచున్నాడు, కావున యోబు పాపి. సామాన్య సూత్రముగా ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. సామెతల గ్రంథమున ఇట్టి ధోరణి విస్తారముగా కలదు. కాని సూత్రమును తిరుగవేసి, ఫలమునుండి కర్మను ఊహించుట వారి దోషము. మొదట సౌమ్యముగా మాటలాడిన ఎలీఫజు ఇరువదిరెండవ అధ్యాయమునకు వచ్చునప్పటికి, యోబు విధవలను వట్టిచేతులతో పంపెననియు, తండ్రిలేనివారిని బాధించెననియు నేరములను కల్పించును. సిద్ధాంతమును నిలుపుకొనుటకై మిత్రుని బలి యిచ్చినాడు. కర్మసిద్ధాంతమును పరాయి దుఃఖముపై ప్రయోగించు అలవాటు గల మనకు ఈ పాత్ర అపరిచితము కాదు.

ఇచ్చట గమనింపవలసినది మఱియొకటి కలదు. మిత్రులు దేవుని గూర్చి ఎంతయో చెప్పుదురు. దేవునితో ఒక్కమాటయు చెప్పరు. యోబొక్కడే మాటిమాటికి మిత్రులనుండి ముఖము త్రిప్పి, దేవుని మధ్యమపురుషలో సంబోధించును. ఏడవ, పదవ, పదునాలుగవ అధ్యాయముల చివరి భాగములు ఇందుకు నిదర్శనములు. ఏడవ అధ్యాయమున అతడు ఎనిమిదవ కీర్తన భావమును తలక్రిందు చేయును. దేవుడు అల్పుడైన మనుష్యుని తలంచుట ఆ కీర్తనకారునకు ఆశ్చర్యానందములను కలిగింపగా, ఆ తలంపే యోబునకు ఊపిరి సలుపనీయని కాపలాయైనది. పలుకులు కఠినములే, కాని అవి చేరవలసిన చోటికే చేరుచున్నవి. కారాగారమున కూర్చుండి రామునితో పోట్లాడిన రామదాసు నెఱిగిన తెలుగువారికి, నిందయు ప్రార్థనలో ఒక భాగమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

యోబు ఆశ

ఈ మొఱలలో ఒక క్రమము కలదు. తొమ్మిదవ అధ్యాయమున తనకును దేవునికిని నడుమ చేయి వేయగల మధ్యవర్తి లేడని యోబు విలపించును. పదునాఱవ అధ్యాయమున తనకు పరలోకమున ఒక సాక్షి కలడని చెప్పును. పందొమ్మిదవ అధ్యాయమున ఆ ఆశ 'గోయేలు' అను పదమునందు స్థిరపడును. తాకట్టుపడిన భూమిని విడిపించుటకును, బంధువు రక్తమునకు న్యాయము జరిపించుటకును బాధ్యుడైన దగ్గఱి చుట్టము హీబ్రూ సమాజమున గోయేలు. తెలుగు బైబిలునందలి 'విమోచకుడు' అను పదమున విడిపించుట కలదు కాని చుట్టఱికము మఱుగుపడినది. తన్ను గాయపఱచినవాడని తాను తలంచిన దేవునికి వ్యతిరేకముగా యోబు దేవునినే ఆశ్రయించుచున్నాడని పెక్కురు వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది సమంజసముగానే యున్నది.

పదుమూడవ అధ్యాయమునందలి పదునైదవ వచనము ఈ సందర్భమున విశేషముగా పరిశీలింపదగినది. దేవుడు తన్ను చంపినను అని యోబు మాట మొదలిడును. తరువాతి పదమును హీబ్రూ వ్రాతప్రతులు 'లో' అని ఒక అక్షరముతో వ్రాయగా 'లేదు' అని అర్థము. చదువరుల సంప్రదాయము దానినే మఱియొక అక్షరముతో 'ఆయనకొఱకు' అని చదువును. వ్రాత ననుసరించినచో యోబునకు ఆశ లేదు. చదువు ననుసరించినచో అతని ఆశ దేవునియందే. ఉచ్చారణ ఒక్కటియే. తెలుగు అనువాదము రెండవ పాఠమును గైకొన్నది. ఏ పాఠమును గైకొన్నను, ఆ అధ్యాయమున యోబు తన వాదమును ఆయన సముఖముననే వినిపింతునని పట్టుపట్టుట మాఱదు. నిరాశయు ఆశయు ఒకే ధ్వనిలో నిమిడియుండుట ఈ గ్రంథ స్వభావమునకు తగియున్నది.

సుడిగాలి నుండి వచ్చిన ప్రశ్నలు

ముప్పదియొకటవ అధ్యాయమున యోబు తన నిర్దోషత్వమును గూర్చి ప్రమాణములు చేసి, ప్రతివాది తన నేరపత్రమును వ్రాసి యిమ్మని సవాలు చేయును. ముప్పది యెనిమిదవ అధ్యాయమున దేవుడు సుడిగాలిలోనుండి పలుకును. కాని నేరపత్రము లేదు, వివరణ లేదు. భూమి పునాదులు, సముద్రపు తలుపులు, మంచు నిధులు, అడవిగాడిద, ఉష్ట్రపక్షి, యుద్ధాశ్వము ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలుగా వచ్చును. తెలుగు అనువాదకులిచ్చట నక్షత్రములను కృత్తికయనియు మృగశిరయనియు, బెహేమోతును నీటిగుఱ్ఱమనియు, లెవియాతానును మకరమనియు వ్యవహరించి, ఈ వర్ణనను మన ఆకాశము క్రిందికి తెచ్చిరి.

ఇది బలవంతుడు బలహీనుని గద్దించుట మాత్రమే యని కొందఱు విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ప్రసంగమున వ్యంగ్యమును తీవ్రతయు కలవు. కాని అందలి వస్తువును పరిశీలింపవలెను. వర్షము శిక్షగానో కరుణగానో పంపబడునని ఎలీహు ముప్పది యేడవ అధ్యాయమున చెప్పియుండెను. మరుసటి అధ్యాయముననే దేవుడు మనుష్యసంచారము లేని ఎడారిపై కురియు వర్షమును చూపును. అచ్చట శిక్షింపదగిన పాపి లేడు, బహుమానింపదగిన పుణ్యాత్ముడు లేడు. వాన మాత్రము కురియుచున్నది. సృష్టియంతయు మనుష్యుని పాపపుణ్యముల లెక్కపుస్తకము కాదని దీని ధ్వని. యోబు ప్రశ్నకు ఇది సమాధానము కాదు గాని, మిత్రుల సిద్ధాంతమునకు మాత్రము ఖండనము.

తీర్పు

నలుబది రెండవ అధ్యాయమున దేవుడు ఎలీఫజుపై కోపించి, తన సేవకుడైన యోబువలె వారు యుక్తముగా పలుకలేదని చెప్పును. దైవపక్షమున వాదించినవారు దోషులైరి. దైవముతో వాదించినవాడు నిర్దోషియయ్యెను. 'నన్ను గూర్చి' అని సామాన్యముగా అనువదింపబడు హీబ్రూ పదమునకు 'నాతో' అనియు అర్థము చెప్పవచ్చును. ఆ అర్థమును గైకొన్నచో, యోబు దేవునితో మాటలాడెను, వారు మాటలాడలేదు అను మన పరిశీలనకు మూలమే సాక్ష్యమగును. జర్మన్ తత్త్వవేత్త కాంటు 1791లో ప్రకటించిన వ్యాసమున, యోబును నిలిపినది అతని జ్ఞానము కాదు, హృదయ నిష్కాపట్యమని చెప్పి, మిత్రుల మాటలను దైవానుగ్రహమున కాశించిన స్తోత్రపాఠములుగా పరిగణించెను. ఈ తీర్పునకు అది ఉత్తమ వ్యాఖ్యలలో ఒకటి.

ఉపసంహారమున యోబు సంపద ఇబ్బడియగును: 7,000 గొఱ్ఱెలు 14,000 అయినవి, 3,000 ఒంటెలు 6,000 అయినవి. సంతానము మాత్రము మునుపటివలె ఏడుగురు కుమారులు, మువ్వురు కుమార్తెలు. చనిపోయిన పదుగురు లోహితునివలె తిరిగి రాలేదు. క్రొత్త బిడ్డలు పాతవారికి బదులగుదురా యను ప్రశ్న సహృదయుని బాధింపక మానదు, నన్నును బాధించుచున్నది. గ్రంథకర్త దీని నెఱుగకపోలేదు. సంపద తిరిగి వచ్చెనని చెప్పిన పిదపనే, బంధువులు వచ్చి, యెహోవా అతనిపైకి రప్పించిన కీడంతటిని గూర్చి అతని నోదార్చిరని వ్రాసినాడు. కీడు కీడుగానే పేర్కొనబడినది. ఓదార్పు ఇంకను అవసరమైయున్నది.

క్రైస్తవ సంప్రదాయమున

క్రొత్త నిబంధనలో యాకోబు పత్రిక యోబు సహనమును పేర్కొనును. అచ్చటి గ్రీకు పదము 'హుపొమొనె' నోరు మూసికొనుటను చెప్పదు. భారము క్రింద కదలక నిలుచుటను చెప్పును. సిలోయము గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మంది ఇతరులకంటె పాపులు కారని యేసు చెప్పినట్లు లూకా వ్రాసెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులడిగినపుడు, ఆ లెక్కనే ఆయన నిరాకరించినట్లు యోహాను వ్రాసెను. తుదకు సిలువపై, ఇరువదిరెండవ కీర్తన తొలి పలుకులతో, తన్నేల విడిచితివని ఆయనయే దేవుని ప్రశ్నించెనని మత్తయి మార్కులు చెప్పుదురు. దానికి ఆ ఘట్టమున ప్రత్యుత్తరము లేదు. ప్రశ్నించునపుడును తన దేవుడని పిలుచుట మాత్రము విడువలేదు. విశ్వాసమనగా సమాధానము దొరకుట కాదు, సంబోధన తెగకుండుట యని యోబు గ్రంథము చూపిన త్రోవ ఇచ్చట పరాకాష్ఠ నందినది.

ఆంగ్ల రచయిత సి. యస్. లూయిస్ 1940లో బాధను గూర్చి తర్కబద్ధమైన గ్రంథమును వ్రాసెను. 1960లో భార్య మరణింపగా, ఆతడు వ్రాసికొన్న దుఃఖపు టిప్పణులు 1961లో మాఱుపేరుతో వెలువడినవి. మొదటి గ్రంథము వివరించును. రెండవది మూసిన తలుపును తట్టును. ఒకే విశ్వాసి మిత్రుల ఆసనమునుండి యోబు బూడిదకు దిగివచ్చిన తీరు ఇందు కానవచ్చును.

కావున యోబును ఓర్పునకు మాత్రమే ఉదాహరణముగా బోధించుట గ్రంథమునకు న్యాయము చేయుట కాదు. తరగతిలో ఈ కృతిని పఠింపజేయువారు మొదటి రెండధ్యాయములతో తృప్తిపడక, మూడవ అధ్యాయమునందలి శాపమును, నలుబది రెండవ అధ్యాయమునందలి తీర్పును కలిపి చదివింపవలెను. పాఠమును ముగించిన పిదప ఏ విద్యార్థియైన తన యింటి దుఃఖమును గూర్చి ప్రశ్న వేసినచో, మనకు తోచిన సమాధానమును వెంటనే చెప్పుటకు ముందు, ఆ మువ్వురు మిత్రులు ఏడు దినములు పాటించిన మౌనమును స్మరించుట మంచిది.