పాత్రధారణ క్రీడలలో నియమము, కథనము

నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి మాటలతో కథను నడపు క్రీడ యొకటి యిరువదవ శతాబ్ది యుత్తరార్ధమున అమెరికాలో రూపొందినది. దానిని ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ అందురు; మేము పాత్రధారణ క్రీడ యని వ్యవహరింతుము. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను ధరించి, అది యేమి చేయునో చెప్పును. ‘గేమ్ మాస్టర్’ అనబడు సూత్రధారి తక్కిన పాత్రలను, కథాలోకమును నిర్వహించును. ఫలితము సందిగ్ధమైనచోట పాచికలు వేయుదురు. పడిన సంఖ్యకు అర్థము చెప్పునది నియమగ్రంథము. కర్తలే శ్రోతలైన యీ కథాప్రక్రియలో నియమమునకును కథనమునకును గల సంబంధ మెట్టిదన్న ప్రశ్న సాహిత్యవిద్యార్థు లుపేక్షింపదగినది కాదు.

ఈ విషయమున రెండు వాదములు కలవు. నియమము కథకు సంకెల యనియు, అడ్డువచ్చినచో సూత్రధారి దానిని త్రోసిపుచ్చవచ్చుననియు మొదటి వాదము. 1979 నాటి ‘డంజియన్ మాస్టర్స్ గైడ్’లో గారీ గైగాక్స్ పాచికల తీర్పును కాదను అధికారమును సూత్రధారి కొసగెను. 1991లో వెలువడిన ‘వాంపైర్: ది మాస్కరేడ్’ సూత్రధారికి ‘స్టోరీటెల్లర్’ అనియే పేరిడినది. పాచిక పడిన తీరే కథ యనియు, దానిని సవరించుట వంచన యనియు రెండవ వాదము. ఈ రెండును నియమమును కథకు వెలుపలి వస్తువుగా నెంచుచున్నవి. మా మత మట్టిది కాదు. ప్రతి నియమమును కథలో నొక ప్రశ్న నడుగును. ఆ ప్రశ్న ఆ కథకు కావలసినదా, కాదా యనునదే విచార్యము.

1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు ప్రకటించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ సైనికుల బొమ్మలతో నాడు యుద్ధక్రీడలనుండి పుట్టినది. కావున నందు పోరాటమునకు నియమములు విస్తారము, సంభాషణమునకు స్వల్పము. అందలి కథలు తరచుగా పోరువైపు మొగ్గుట ఆటగాండ్ర యభిరుచిదోషము మాత్రమే కాదు. నియమము దట్టముగా నున్నచోటికే దృష్టియు పోవును.

శాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ కతుల్హూ’ (1981) ఇందుకు మేలైన యుదాహరణము. అందు పాత్రల మనఃస్థైర్యము సంఖ్యారూపమున నుండును. ఘోరదృశ్యములు చూచినకొలది అది తరుగును. అంతేకాదు, నిగూఢశక్తులను గూర్చిన జ్ఞానము పెరిగినకొలది మనఃస్థైర్యము చేరదగిన పరమావధియే తగ్గిపోవును. తెలిసికొనుటయే వినాశహేతువను కథాభావము ఇచట వర్ణనలో గాక నియమమునందే యిమిడియున్నది. భయానకరసమునకు నియమమే ఉద్దీపనమైనది.

ఐనను ఆ క్రీడయందే యొక చిక్కు కలదు. రహస్యశోధనము ప్రధానమైన కథలో ఆధారములు దొరకుటయు పాచికల పాలైనచో కథ నిలిచిపోవచ్చును. ఒక్కొక్క యాధారము లభించుటకు నూటికి 60 పాళ్ళవకాశమున్నదనుకొందము. మూడును లభించు నవకాశము నూటికి 22 పాళ్ళకు మించదు. 2006లో రాబిన్ లాస్ ‘ది ఎసోటెర్రరిస్ట్స్’ అను క్రీడలో దీనికి పరిష్కారము చూపెను. తగిన నైపుణ్యము గల పాత్ర తగినచోట వెదకినచో ముఖ్యాధారము పాచికతో పనిలేకయే దొరకును. ఆధారము దొరకునా యను ప్రశ్న తొలగి, దానినుండి యేమి గ్రహింతురను ప్రశ్న నిలిచినది.

2010 నాటి విన్సెంట్ బేకర్ కృతి ‘అపొకలిప్స్ వరల్డ్’ మరియొక మార్గము త్రొక్కినది. రెండు పాచికల మొత్తము 10 గాని అంతకు మించి గాని యైనచో కార్యసిద్ధి. 7 మొదలు 9 వరకు మూల్యము చెల్లించి పొందు సిద్ధి. 6 గాని అంతకు లోపుగాని యైనచో సూత్రధారి కథను విషమావస్థకు త్రిప్పవచ్చును. పాత్రగుణములవలని కూడికలను విడిచి లెక్కించినచో 36 విధములలో ఇవి వరుసగా 6, 15, 15. ఏ సంఖ్య పడినను కథ ఉన్నచోట నుండక కదలును.

ఇక సూత్రధారి తెరచాటున పాచికను మార్చి చెప్పుటను గూర్చి. కథ రక్తికట్టుటకే యట్లు చేసితినని యాతడు చెప్పవచ్చును. కాని ఆటగాడు తన పాత్ర ప్రాణమునొడ్డి చేసిన నిర్ణయమునకు ఫలము ముందే నిశ్చితమైనచో, అది నిర్ణయమే కాదు. అప్పుడు నలుగురి కథ యొక్కని కథ యగును. తక్కినవారు తాము కర్తలమను భ్రాంతిలో మిగిలిన శ్రోతలు. సహింపరాని ఫలితము కలుగునను శంక యున్నచో పాచిక వేయకుండుటయే న్యాయము. వేసినపిమ్మట దాచుట న్యాయము కాదు.

మన యవధానము నిచట స్మరింపవచ్చును. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమును నిషేధింపగా, అవధాని తలచిన పదమును విడిచి తలపని పదమును వెదకికొనును. నిషేధము పద్యమును చెరుపక క్రొత్తదారి పట్టించును. అవధాని దాని నతిక్రమించినచో పద్యమెంత మధురమైనను సభ మెచ్చదు. భేదమేమనగా, అచట పద్యకర్త యొక్కడు. ఇచట కథాకర్తలు పలువురు. కావున నియమభంగమువలని నష్టము ఇచట మరింత యధికము.

కనుక సమతూకమనగా నియమమునకు సగము, కథకు సగము పంచిపెట్టుట కాదు. క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణముగా నెంచిన ఔచిత్యమే ఇచటను ప్రమాణము. గెలుపును ఓటమియు రెండును కథను ముందునకు నడపగలచోట పాచిక వేయవలెను; వేసినపిమ్మట సూత్రధారియు దానికి బద్ధుడు కావలెను. తక్కినచోట్ల మాటయే చాలును.