కుడికాలు ఎత్తమనే ముందు

కూచిపూడి నేర్పే వాళ్ల నోట క్లాసులో తరచుగా వచ్చే మాట "ఇలా చూడు". చూపు లేని అమ్మాయి వరుసలోకి వచ్చిందంటే ఆ మాటకు అర్థం పోతుంది. చక్రాల కుర్చీలో అబ్బాయి వస్తే "అరమండిలో కూర్చో" అన్నదీ అంతే. అప్పుడు గురువు ముందు రెండు దారులుంటాయి: ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం, లేదా పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించడం. రెండో దారిలో చాలా దూరం నడిచిన వాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు. మన వికలాంగ విద్యార్థులు వాళ్ల దగ్గరికి వెళ్లి రావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణమే తీసుకోండి. 1987లో అలీటో అలెసీ, కేరెన్ నెల్సన్ అక్కడ వైకల్యం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే నేల మీద ఆడించారు. డాన్స్ఎబిలిటీ అనే పద్ధతి అలా పుట్టింది. దాని వేరు 1972లో స్టీవ్ పాక్స్టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఉంది. ఇద్దరు ఒకరి బరువు మరొకరికి ఇస్తూ, తీసుకుంటూ అప్పటికప్పుడు అల్లుకునే నాట్యమది. దానికి ముందే గీసిన భంగిమ లేదు కాబట్టి, ఏ శరీరంతో వచ్చినా చోటు దొరుకుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎమరీ బ్లాక్‌వెల్ అలెసీతో కలిసి వేదికల మీద జంటగా నాట్యమాడారు. ఇంగ్లండ్‌లోనూ పాక్స్టన్, ఆన్ కిల్‌కాయిన్ 1986లో చూపు లేనివాళ్ల కోసం టచ్‌డౌన్ డాన్స్ ప్రారంభించారు.

డాన్స్ఎబిలిటీ పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒక నియమం. ఎవరెవరు వచ్చారో చూసిన తర్వాతే పాఠం కట్టాలి; ఒక్కరినైనా బయట నిలబెట్టే అభ్యాసం ఇవ్వకూడదు. ఇంకో గొప్ప సంగతి, ఆ పద్ధతిని బోధించే శిక్షణ వికలాంగులకూ ఇస్తారు. విద్యార్థిగా వెళ్లినవాళ్లు గురువుగా తిరిగి రావచ్చు.

ప్రయాణం మాత్రం తేలిక కాదు. సాయంగా వెళ్లే మనిషికీ టికెట్ కావాలి. బ్యాటరీ కుర్చీకి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. మన సంజ్ఞా భాష వేరు, అమెరికా సంజ్ఞా భాష వేరు కనుక బధిర విద్యార్థికి దుబాసీ ఏర్పాటు తప్పదు. అదే యూజీన్‌లో 1981 నుంచి పనిచేస్తున్న మొబిలిటీ ఇంటర్నేషనల్ యూఎస్ఏ అనే సంస్థ ఈ ఏర్పాట్ల గురించే దశాబ్దాలుగా చెబుతోంది. దాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరైన సూజన్ సైగల్ స్వయంగా చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. ఈ ఏర్పాట్ల ఖర్చును మొదటి రోజే బడ్జెట్‌లో రాయకపోతే, చివరికి ఎంపికయ్యేది సాయం అక్కర్లేని పిల్లలే.

మన తెలుగువాళ్లకు 1985 నాటి 'మయూరి' సినిమా గుర్తుంటుంది. అందులో తన కథనే నటించిన, జైపూర్ కృత్రిమ కాలు అమర్చుకుని మళ్లీ ఆడిన సుధా చంద్రన్ సాధన ముందు తల వంచాల్సిందే. అయితే ఆ కథలో మనం చప్పట్లు కొట్టింది శరీరం పాత కొలతకు తిరిగి చేరినందుకు. కొలతే మారవచ్చన్న ఆలోచన మన శాస్త్రీయ నృత్య బడుల్లోకి ఇంకా సరిగా రాలేదు.

రావడానికి మన కళలోనే దారులున్నాయి. అభినయంలో నాలుగు రకాలు చెప్పింది మన సంప్రదాయమే. పాదం ఒక్కటే నాట్యం కాదు. హస్తాలను చేత్తో తడిమించి నేర్పవచ్చు. అడవు లయను చక్రం తిప్పే తీరులో కట్టవచ్చు. కుర్చీలో ఉన్న అబ్బాయి చేత నట్టువాంగం చేయించవచ్చు, కాకపోతే అతన్ని తాళం దగ్గరే కట్టేయకూడదు. సత్యభామ జడ పట్టుకుని పలికే గర్వానికి పాదాల కన్నా ముఖం, మెడ, వేళ్లు ఎక్కువ పనిచేస్తాయి.

2007లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం, వికలాంగుల సృజనశక్తి వికాసం వాళ్ల మేలుకే కాదు, సమాజ సంపన్నతకూ అంటుంది. ఆ రెండో సగమే నాకు ముఖ్యం. విదేశాలకు పంపే బృందంలో వికలాంగ విద్యార్థి పేరు ఉందా అని అడుగుదాం. తిరిగి వచ్చాక శాలువా కప్పి, ఫోటో తీసి ఊరుకోవద్దు. వారానికి ఒక క్లాసు, జీతంతో సహా వాళ్లకు అప్పగించాలి. ఆ క్లాసులో విద్యార్థులుగా కూర్చోవలసిన వాళ్లలో మొదటి వరుస మాలాంటి గురువులది.