నియమం పెద్దలకే

బెంగళూరు జ్ఞానభారతిలో భారత క్రీడా ప్రాధికార సంస్థ ‘సాయ్’ దక్షిణ కేంద్రం ఉంది. హాకీ జాతీయ జట్ల శిబిరాలు అక్కడ జరుగుతుంటాయి. ఇక నగరంలో ఏ పేటకు వెళ్లినా బ్యాడ్మింటన్, ఈత, ఫుట్‌బాల్, క్రికెట్ అకాడమీలే. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి పిల్లల్ని తెచ్చి చేర్పించే మనవాళ్లూ ఉన్నారు. కోచ్ ఎవరు, ఫీజెంత, హాస్టల్ ఉందా అని అందరం అడుగుతాం. పిల్లలతో పెద్దలు ఎలా మెలగాలో చెప్పే నియమావళి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. చేయి తిరిగినవాళ్లు రాసిన నియమాలను పట్టి చూస్తే వాటిలో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది.

ముందు సాయ్ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు చూద్దాం. స్లొవేనియాలో శిక్షణకు వెళ్లిన ఒక సైక్లిస్టు తన కోచ్ మీద ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకే అవి వచ్చాయి. క్రీడాకారిణులు దేశంలో ప్రయాణించినా, విదేశాలకు వెళ్లినా వెంట మహిళా కోచ్ ఉండి తీరాలి. ప్రతి జాతీయ శిబిరంలో, విదేశీ పర్యటనలో నియమాల అమలు చూసే అధికారి ఉండాలి. శిబిరం మొదలయ్యే ముందే ఆటగాళ్లకు, కోచ్‌లకు, సహాయ సిబ్బందికి అవగాహన తరగతి జరగాలి. వీటిలో నాకు బాగా నచ్చింది రెండోది. ఆ అధికారి ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా ఆటగాళ్లతో తరచూ మాట్లాడుతూ ఉండాలి. జట్టులో చోటు పోతుందేమోనని భయపడే అమ్మాయి తనంతట తాను వచ్చి నోరు విప్పడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు పెట్టిన నిబంధన అది.

చట్టాల్లోనూ ఇదే శ్రద్ధ. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పని ప్రదేశం అంటే ఏమిటో చెబుతూ క్రీడా సంస్థను, స్టేడియాన్ని, పోటీలు జరిగే చోటును విడిగా పేర్కొంది. ఇది ఆఫీసు కాదుగా, మైదానమేగా అని తప్పించుకునే దారి అక్కడితో మూసుకుపోయింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు స్కూళ్లతో పాటు క్రీడా అకాడమీలనూ పేరు పెట్టి చెప్పాయి. పర్మనెంటు ఉద్యోగి అయినా, కాంట్రాక్టు మీద వచ్చినవాడైనా సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానమున్నా పోలీసులకు చెప్పి తీరాలి. కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు పడవచ్చు. మంచి మనసుతో చెప్పినవాళ్లకు చట్టమే రక్షణ. పరువు పేరుతో గుట్టుగా సర్దేసే అలవాటుకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

ఈ పునాది మీద అకాడమీ తన నియమావళి రాసుకోవాలి. ‘కోచ్‌లు మర్యాదగా మెలగాలి’ అని రాస్తే ఎవరూ కాదనరు, కానీ ఏం చేయకూడదో ఎవరికీ తెలియదు. ‘ఆడపిల్లలు ఒంటరిగా తిరగకూడదు’ అని రాస్తే మరీ తప్పు, భారమంతా పిల్ల నెత్తినే పడుతుంది. దాని బదులు ‘తల్లిదండ్రుల అనుమతి, మరో పెద్ద తోడు లేకుండా కోచ్ ఏ పిల్లనూ తన బండిలో ఎక్కించుకోకూడదు’ అని రాసి చూడండి. ఎవరు, ఏ పని, ఎప్పుడు అన్న మూడూ తేలిపోయాయి. కోచ్ మనసులో ఏముందో ఎవరూ తవ్వక్కర్లేదు. ఎక్కించుకున్నాడా లేదా, అంతే.

తాకే విషయంలో ఇంకా నేర్పు కావాలి. రాకెట్ పట్టు సరిదిద్దాలంటే ఒక్కోసారి చేయి పట్టుకోక తప్పదు. తాకడమే నిషేధమంటే ఆట నేర్పడం కుంటుపడుతుంది. అందుకే ఏం చేయబోతున్నాడో కోచ్ ముందు చెప్పాలి, పిల్ల సరేననాలి, నలుగురి ఎదుటే చేయాలి, వద్దంటే తానే చేసి చూపించాలి. నిజాయితీగా పనిచేసే కోచ్‌కు ఇలాంటి నియమం పెద్ద అండ.

2014లో వెలువడిన, క్రీడల్లో పిల్లల రక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాలు ఎనిమిది. ప్రవర్తనా నియమాలు వాటిలో ఒకటి మాత్రమే. ఫిర్యాదు వస్తే ఏం చేయాలి, బాధితులకు సలహా ఎవరివ్వాలి, సిబ్బందిని ఎలా ఎంచుకోవాలి, అమలు ఎలా సమీక్షించాలి అన్నవీ ఉన్నాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే గోడ మీది నియమాలు ఎంత బాగున్నా పిల్లలకు ఒరిగేది లేదు. బెంగళూరు లాంటి ఊళ్లో అవి ఇంగ్లీషులో మాత్రమే ఉంటే చాలదు. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ మాట్లాడే పిల్లలు చదివి అర్థం చేసుకోగలగాలి.

2025 నాటి జాతీయ క్రీడా పరిపాలన చట్టం మహిళలు, మైనర్ క్రీడాకారుల రక్షణను జాతీయ క్రీడా సంస్థల బాధ్యతగా చేసింది. పేటలోని అకాడమీ దాకా ఆ శ్రద్ధ రావాలంటే అడిగేవాళ్లుండాలి. ఫీజు కట్టే ముందు నియమావళి చూపించమనండి. ఒక్కో వాక్యం ఎవరిని కట్టడి చేస్తోందో చూడండి. పిల్లలకు జాగ్రత్తలు చెప్పి సరిపెట్టిందంటే తిరగరాయమనండి. పెద్దలు ఏం చేయకూడదో స్పష్టంగా చెప్పిందంటే, రాసినవాళ్లకు ఆటా తెలుసు, పిల్లలూ తెలుసు.