పాట లోపలికి, పాడినోడు వాకిట్ల

విశ్వవిద్యాలయాలు పాటను పట్టించుకోలేదనేది సగం నిజమే. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు 1950లలోనే జానపద గేయాల మీద పరిశోధన చేసిండ్రు. 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద పీఠం పెట్టింది. దీనివల్ల ఎన్నో పాటలు దక్కినయి, కాదనలేం. కానీ ఏ షరతు మీద దక్కినయి? పాట పాతదై ఉండాలె, కర్త తెలియకుండాలె, కాగితం మీదికి రావాలె. పాడిన మనిషి మాత్రం 'సమాచారదాత'గా మిగిలిపోయిండు.

నిజాం రాజ్యం మీద యాదగిరి కట్టిన పాటనే చూద్దాం. 1940ల సాయుధ పోరాటంలో పుట్టిన ఆ పాట, 1980లో 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో కొత్త తరానికి చేరింది. దాన్ని జానపదం అందామా? కట్టినోని పేరు తెలుసు. సాహిత్యం అందామా? దరువు తీసేస్తే సగం పోతది. సినిమా పాట అందామా? సినిమాకంటే ముందే జనం నోట్ల ఉన్నది. మన శాఖల గోడల్లో ఈ పాట ఇమడదు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊర్లల్ల ఒక దిక్కు పొలం, ఇంకో దిక్కు పటాన్‌చెరు కంపెనీల షిఫ్టు. డప్పు పక్కకు డీజే బాక్సులు వచ్చినయి. ఫోన్లల్ల 'జానపదం' పేరుతో మోగే పాటకు రాసినోడున్నడు, పాడినోడున్నడు, అమ్ముకునేటోడూ ఉన్నడు. హక్కులు ఎవరి పేరున ఉన్నయి? డప్పు కొట్టినోనికి ఎంత ముట్టింది? చావుకు వెట్టిగ కొట్టనన్న మాదిగ పిల్లగాడు సభల ఎందుకు తలెత్తుకొని కొడుతున్నడు? 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవానికి గుర్తు చేసింది. ఈ మార్పు పాట మాటల్లో దొరకదు. కొట్టే చేతిని, ఆ చేతి కులాన్ని చదివితేనే దొరుకుతది.

బ్రిటన్‌లో 1964లో మొదలైన బర్మింగ్‌హామ్ సాంస్కృతిక అధ్యయన కేంద్రం కార్మికవర్గ సంస్కృతిని, తరువాత జాతి ప్రశ్నను చదువులోకి తెచ్చింది. ఆ దారి మనకు పనికొస్తది. అయితే 'ప్రజాదరణ' అన్న మాట కింద కులాన్ని దాచిపెడితే మనకు ఒరిగేది లేదు.

ఉద్యమ పాట క్లాసుకు పోతే చప్పబడతదని మనోళ్లే కొందరంటరు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే పాటతోపాటు పాటగాడు కూడా లోపలికి రావాలె. డిగ్రీ ఉన్నా లేకున్నా డప్పు కళాకారుడు జీతం తీసుకొని పాఠం చెప్పాలె. పరిశోధన గ్రంథం మీద అతని పేరుండాలె. సిలబస్ కమిటీల ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు ఇవి.