40 మైక్రాన్ల మీద పని

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లు వదిలే వేళ కారు నడిపినవాళ్లకు తెలుసు, బైకుల హ్యాండిళ్లు రెండు వైపులా తలుపులను రాసుకుంటూ పోతాయి. మెట్రో స్తంభాల పక్కన లేచే దుమ్ము, పంజాగుట్ట చౌరస్తా దాకా అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ. ఇంటికి చేరితే సెల్లార్‌లో చోటు దొరక్క చెట్టు కింద పార్కింగ్, తెల్లారేసరికి బానెట్ నిండా పావురాల రెట్టలు. వీటన్నిటికీ మొదట ఎదురు నిలిచేది రంగు మీద ఉండే పారదర్శకమైన పొర. దాన్ని క్లియర్ కోట్ అంటారు. చాలా కార్లకు దాని మందం 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పలుచన. దాని మీద పనిచేసే డీటెయిలింగ్ పనివాళ్ల నేర్పును దగ్గరగా చూస్తే, ఏ కోటింగ్ వేయించాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కారు రంగుకూ మన చేతిపనికీ పాత చుట్టరికమే ఉంది. నిర్మల్ చిత్రాల మీద తళతళలాడే డ్యూకో రంగు కార్ల కోసం పుట్టింది. డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన ఆ రంగును జనరల్ మోటార్స్ 1923లో ఓక్లాండ్ కార్లకు వేసింది. అంతకుముందు ఒక్కో కారుకు పూతలు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. అప్పట్లో రంగే పైపొర. ఇప్పుడు రేకు మీద తుప్పును ఆపే పూత, ఆపైన ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే.

రెట్టలోని ఆమ్లం హాని చేస్తుందని అందరికీ తెలుసు. ఎండ దానికి తోడవుతుంది. వేడికి క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, చల్లబడేటప్పుడు ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుని ఆ గరుకును తనలో ముద్రించుకుంటుంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు పడతాయి. వీటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది రోజూ పొద్దున్నే జరిగే తుడుపు. దుమ్ము నిండిన గుడ్డ, ఒకే బకెట్ నీళ్లు, అరడజను కార్లు. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుక గీసిన సన్నటి గీతలే ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి.

నేర్పున్న పనివాడు కారు రాగానే పాలిష్ మెషీన్ అందుకోడు. ముందు షాంపూతో కడిగి, క్లే ముద్దతో ఒళ్లంతా రుద్ది, అంటుకున్న లోహపు రజను, తారు లాగేస్తాడు. తర్వాత మందం కొలిచే గేజ్‌ను ప్రతి రేకు మీదా పెడతాడు. అంకె 120 దగ్గర ఉంటే కంపెనీ రంగు. 200 దాటితే మళ్లీ రంగు పడిందని అనుమానించాలి. ఇంకా చాలా పెరిగితే లోపల పుట్టీ ఉన్నట్టే. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు, అక్కడ కంటినే నమ్ముకోవాలి. గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత లోతు దాకా అరగదీయడమే. పోయిన మైక్రాన్ తిరిగి రాదు. అందుకే అతను ఓ మూల చిన్న చోట మెత్తటి ప్యాడ్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతేనే గట్టి కాంపౌండ్‌కు వెళతాడు. అంచుల దగ్గర పొర ఇంకా పలుచన కాబట్టి అక్కడ మెషీన్ నిలపడు. లోతైన గీతను ఒకటి రెండు వదిలేసే పనివాడంటే నాకు గౌరవం. ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు.

సిరామిక్ కోటింగ్ ఆరాక మందం ఒకటి రెండు మైక్రాన్లు మించదు. సిలికా ఆధారంగా తయారైన ఆ ద్రవం గాలిలోని తేమతో గట్టిపడుతుంది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, మెరుపు నిలుస్తుంది. రాయి తగిలితే మాత్రం అది ఆపలేదు. డబ్బా మీద రాసే 9హెచ్ అన్నది పెన్సిల్ గీతతో చేసే పరీక్ష కొలత. దాన్ని రాళ్ల కాఠిన్యాన్ని కొలిచే అంకెగా, వజ్రం పక్కన నిలిచేదిగా పొరబడకూడదు. మన ఊళ్లో ఈ పనికి వాతావరణమే పరీక్ష. వేసవిలో ద్రావకం చూస్తుండగానే ఆవిరైపోతుంది. అందుకే పనివాడు చిన్న చిన్న గళ్లుగా పూసి, ఇంద్రధనుస్సు రంగులు తేలిన క్షణం పట్టుకుని ఒక గుడ్డతో తుడిచి, రెండో గుడ్డతో సరిచూస్తాడు. కాస్త ఆలస్యమైతే అక్కడ మచ్చ గట్టిపడుతుంది, మళ్లీ పాలిష్ పట్టి తీయాల్సిందే. టెఫ్లాన్ కోటింగ్ పేరుతో అమ్మేదానికి నేను డబ్బు పెట్టమనను. పెనానికి టెఫ్లాన్ అంటుకోవాలంటే 300 డిగ్రీలు దాటిన వేడి కావాలి, కారు రంగుకు ఆ వేడి పెట్టలేం.

అసలు పనితనం చూడాలంటే పీపీఎఫ్, అంటే రంగును కాపాడే పారదర్శకమైన ఫిల్మ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), వేసేటప్పుడు చూడాలి. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక కోయకుండా అంటించిన పాలియురేథేన్ పొరకు ఇది వారసురాలు. మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కంపెనీ పూతలన్నీ కలిపినంత, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. మంచి రకం మీద పడ్డ చిన్న గీతలు ఎండ వేడికే పూడుకుంటాయి. రేకు మీద షాంపూ నీళ్లు చిమ్మి, ఫిల్మ్‌ను తేలేలా పరిచి, మధ్య నుంచి అంచులకు స్క్వీజీతో నీళ్లు తోస్తారు. బానెట్ తేలికే. బంపర్ దగ్గరే చేయి తెలిసిపోతుంది. వంపు మీద వంపు, మధ్యలో సెన్సార్లు, ఫాగ్ ల్యాంపుల గుంటలు. ఎక్కువ సాగదీస్తే ఫిల్మ్ మీద చారలు పడతాయి, వారం తిరక్కుండా అంచు లేస్తుంది. తక్కువైతే ముడత. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్లకే తెలుస్తుంది. బ్లేడు ఇంకో గండం. రంగు మీదే పెట్టి కోస్తే క్లియర్ కోట్ తెగుతుంది, తప్పు ఫిల్మ్ తీసిన రోజునే బయటపడుతుంది. కంప్యూటర్ కొలతలతో ముందే కోసిన ముక్క వాడేవాళ్లు, లేదా అంచును లోపలికి మడిచి రంగుకు తగలకుండా కోసేవాళ్లు మేలు. లోపల మిగిలిన నీటి బుడగ కొన్నాళ్లకు ఆరిపోతుంది. దుమ్ము రేణువు చిక్కితే ఎప్పటికీ అలాగే ఉంటుంది.

అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య రోజూ తిరిగే కారుకు నా సలహా ఇది: ముందు బంపర్, బానెట్, సైడ్ అద్దాలు, తలుపు అంచులు, హ్యాండిల్ గుంటలకు పీపీఎఫ్, మిగతా ఒంటికి సిరామిక్. కారంతా ఫిల్మ్ వేయిస్తే ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది, కొత్త కారును చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లకే అది తగుతుంది. రెండు మూడేళ్లలో అమ్మేసేవాళ్లకు మంచి వ్యాక్స్, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. షాపుకు వెళ్లినప్పుడు బ్రాండు పేరు కంటే ముందు గేజ్ అంకెలు అడగండి. వాళ్లు వేసిన ఏదైనా పాత కారు బంపర్ అంచు చూపించమనండి. గంటసేపు అక్కడే నిలబడి పని చూడండి. చూడనివ్వని షాపుకు మీ కారు ఇవ్వకండి.