బొట్టు పెట్టుకున్న మేరీ, బావి దగ్గరికి రాని యేసు

సినిమా సమీక్షలు రాసేవాళ్ళు మనల్ని ప్రేక్షకులుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. నేల టికెట్టు కొన్నది మనమే, ఈల వేసింది మనమే. కానీ 'ప్రేక్షకుడు' అని వాళ్ళు రాసినప్పుడల్లా ఆ ప్రేక్షకుడికి ఊరి నడుమ ఇల్లు, గుడిలోకి వెళ్ళే హక్కు ఉన్నట్టే రాశారు. మాలపల్లెలో, మాదిగవాడలో చర్చి గంట వింటూ పెరిగి, శనివారం రెండో ఆటకీ ఆదివారం ఆరాధనకీ పోయినోళ్ళం ఈ బొమ్మల్ని ఎట్లా చూశామో ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి మేమే చెప్తున్నాం.

ముందు 'మిస్సమ్మ' సంగతి. 1955లో విజయా సంస్థ తీసింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. నవ్వుల సినిమా అని ఇప్పటికీ టీవీలో వేస్తూనే ఉంటారు. మేమూ నవ్వాం. సావిత్రి నటనతో మాకు పేచీ లేదు. పేచీ అంతా కథతోనే. చదువుకున్న క్రైస్తవ పిల్ల మేరీకి ఉద్యోగం కావాలి. అప్పాపురం బడికి భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లు కావాలని ప్రకటన పడింది. ఎం.టి. రావుతో కలిసి మొగుడూ పెళ్ళాల నాటకం ఆడటానికి ఒప్పుకుంటుంది. బొట్టు పెట్టుకోవాల్సొస్తుంది. చిరాకుపడుతుంది. హాలంతా నవ్వుతుంది. ఆఖరికి తేలేదేమిటి? మేరీ అసలు మేరీయే కాదు. జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. కాలి మీది పుట్టుమచ్చ దానికి సాక్ష్యం.

ఆ పుట్టుమచ్చ దగ్గర కాస్త ఆగాలి. ఈ దేశంలో పుట్టుకను చెరిగిపోని గుర్తుగా మనిషి ఒంటి మీద మోయించేది కులం ఒక్కటే. చదువూ ఆత్మాభిమానమూ గల క్రైస్తవ స్త్రీని కథానాయికగా ఒప్పుకున్నారు గానీ, ఆ గుణాలు క్రైస్తవ ఇంట్లో పుట్టిన పిల్లకు ఉండొచ్చని మాత్రం ఒప్పుకోలేకపోయారు. పెంచిన క్రైస్తవ తల్లిదండ్రులు మంచివాళ్ళే, అయితే పెంపుడువాళ్ళు. మిగిలిన క్రైస్తవుడు డేవిడ్. అప్పు చూపించి పెళ్ళాడమని పీడించేవాడు. మేరీకి పెళ్ళి కుదరాలంటే ముందు మేరీ మహాలక్ష్మి కావాలి. 'ఘర్ వాపసీ' అనే మాట పత్రికలకెక్కడానికి ఎన్నో ఏళ్ళ ముందే మన ఇళ్ళల్లో అందరూ మెచ్చిన సినిమా ఆ పని నవ్విస్తూ చేసిపెట్టింది.

ఉద్యోగం కోసం బొట్టు పెట్టుకోవడం వాళ్ళకి హాస్యం. మన వాడల్లో అది హాస్యం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులం నుంచి తీసేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవుడికి, ముస్లింకి తియ్యలేదు. క్రీస్తును నమ్మానని చెప్పుకున్న మాల, మాదిగ మన దగ్గర బి.సి.-సి. అంచేత ఇంట్లో సుజనమ్మ, బడి రిజిస్టర్లో సుజాత. ఆదివారం ఉత్త నుదురు, తాసీల్దారు ఆఫీసు కెళ్ళేరోజు బొట్టు. విచారణకి ఎవరైనా వస్తే గోడమీది యేసు పటం తీసి పెట్టెలో పెట్టుకున్న ఇళ్ళు మాకు తెలుసు. అది అబద్ధం అని వేలెత్తి చూపేవాళ్ళు 'మిస్సమ్మ' చూసి ఎందుకు నవ్వుతున్నారో ఒక్కసారి తమని తాము అడుక్కోవాలి.

ఇక మన సొంత సినిమా అనుకున్నది 'కరుణామయుడు'. 1978. ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు, యేసుగా విజయచందర్. పాటల్లోనూ మాటల్లోనూ మోదుకూరి జాన్సన్ చెయ్యి ఉంది. సినిమాకి పోవడమే పాపమని వాక్యం చెప్పిన పాస్టర్లు కూడా ఈ ఒక్కదానికి చర్చి వాకిట్లో తామే తెర కట్టించారు. గుడ్‌ఫ్రైడేకి, క్రిస్మస్‌కి ప్రొజెక్టరు తెచ్చి వేసేవాళ్ళు. కొరడా పడ్డప్పుడల్లా ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపుని తేలిగ్గా తీసుకునే విమర్శకులంటే మాకు గౌరవం లేదు. నడివీధిలో కట్టేసి కొట్టించుకోవడం అంటే ఏందో ఆ ఏడ్చినోళ్ళకి తెలుసు. తర్వాత 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే.

ప్రేమ ఉంది కనకనే ఈ సినిమాతో పోట్లాడాలి. ఆ యేసు ఎవరిలా ఉన్నాడు? మన పౌరాణిక సినిమాల్లో రాముడు, కృష్ణుడు ఎట్లా నడిచారో అట్లా నడిచాడు. తెల్లని ఒళ్ళు, నెమ్మదైన చూపు, ఎత్తిన అరచెయ్యి. ఎనిమిదేళ్ళ తర్వాత అదే విజయచందర్ షిర్డీ సాయిబాబా అయినప్పుడు జనానికి ఇబ్బందేమీ కలగలేదు. ఒక నటుడు ఇద్దరు దేవుళ్ళవడం తప్పని మేం అనడం లేదు. ఆ అచ్చు అంత సాఫీగా మారగలిగిందంటే, అచ్చులో పోసినప్పుడే వడ్లపనివాడి కొడుకు కరిగిపోయాడని అంటున్నాం. చేతులకి కాయలు కాసిన దేవుడు మనకి దక్కాల్సింది. దయ చూపే దొర దక్కాడు. కరుణ పైనుంచి కిందికి రాలేది. న్యాయం అడిగి తీసుకునేది. పేరులోనే ఏది ఎంచుకున్నారో తెలిసిపోతోంది.

గుర్రం జాషువా రాసిన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఊరి బయటివాడు క్రీస్తును ఎట్లా చూస్తాడో తెలుసుకోవాలనుకునే సినిమావాడికి తెలుగులో పుస్తకం లేక కాదు.

1979లో అమెరికాలో వచ్చిన 'జీసస్' కూడా తెలుగు మాటలతో మన ఊళ్ళు తిరిగింది. అది లూకా సువార్త ఒక్కదాని మీద కట్టిన సినిమా. సమరయ స్త్రీ కథ యోహాను సువార్తలో ఉంది. అంచేత ఆ తెర మీదికి బావి రానేరాదు. తీసినవాళ్ళకి దురుద్దేశం లేకపోవచ్చు. వాళ్ళ దేశంలో బావి ఒక దృశ్యం. మనకు బావి ఒక పోరాటం. అంటరానివాళ్ళుగా చూడబడ్డ జాతి స్త్రీని దాహానికి నీళ్ళడిగి, ఆమె చేతి కుండతో తాగడానికి సిద్ధపడ్డవాడు యేసు. మన ప్రసంగాల్లో ఆ కథ ఆమె ఐదుగురు మొగుళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కుండ దాకా రాదు. పాస్టరుగారికీ సినిమా డైరెక్టరుకీ ఆ మాత్రం పోలిక ఉంది!

క్రీస్తు చరిత్రే తియ్యాలా? క్రైస్తవుల చరిత్ర తియ్యకూడదా? తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తీస్మం తీసుకున్నాడు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మనోళ్ళకి తవ్వకం పని ఇచ్చాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనుల కాలంలో బాప్తీస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2222 మంది మునిగి లేచారు. సరిగ్గా నూరేళ్ళకు 'కరుణామయుడు' వచ్చింది. అందులో యెరూషలేము ఉంది, గుండ్లకమ్మ లేదు. బియ్యానికి మతం మారారని ఇవ్వాళ్టికీ ఎగతాళి చేసేవాళ్ళకి ఆ కాలవే సమాధానం. ఆ కాలవని తెర మీద ఇంకా ఎవరూ తవ్వలేదు.

ప్రేమ సినిమాల గురించి ఎక్కువ చెప్పం. 1981లో భారతీరాజా 'సీతాకోకచిలుక'లో బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. జంధ్యం తెంపారు, సిలువ తీశారు, రెండూ సమానమన్నారు. జంధ్యం వెనక ఉన్న అధికారమూ సిలువ వెనక ఉన్న అధికారమూ సమానమా? 2022లో 'అంటే సుందరానికీ' వచ్చింది. మళ్ళీ బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. వివేక్ ఆత్రేయ నేర్పుగా తీశాడు, రెండిళ్ళ చాదస్తాన్నీ చూపించాడు. కానీ నలభై ఒక్క ఏళ్ళలో జంట మారలేదు. తెలుగు సినిమా దృష్టిలో క్రైస్తవానికి ఎదురు బ్రాహ్మణత్వం. రెండు మతాలు, ఇద్దరు పట్టుదల గల పెద్దమనుషులు. నడుమ కులం అనేది కనపడకుండా పోతుంది.

ఆ కులాన్ని కనపడనిచ్చింది శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ'. 2021. ఆర్మూరు వైపు నుంచి హైదరాబాదొచ్చి జుంబా నేర్పే రేవంత్ దళిత క్రైస్తవుడు. పెద్ద తెలుగు హీరో ఒకడు ఆ వేషం వెయ్యడమే వార్త. ఈశ్వరీరావు చేసిన అమ్మ పాత్రలో మన అమ్మలు కనిపించారు. కొడుక్కి ధైర్యం చెప్పడం, ఊళ్ళో తల ఎట్లా దించాలో నేర్పడం, రెండూ ఒకే నోటితో చేసే అమ్మలు. రెండో సగంలో కథ బరువంతా మౌనిక మీద బాబాయి చేసిన అత్యాచారం మీదికి పోయింది. ఆడపిల్ల బాధని తేవడం తప్పు కాదు. ఊరి దొరతనమూ ఇంటి మగతనమూ ఒకే మనిషిలో ఉంటాయని చూపడమూ నిజమే. కానీ విలన్ దుర్మార్గుడు కాకపోతే? చెల్లెళ్ళని, కూతుళ్ళని బాగా చూసుకునే మర్యాదస్తుడైతే రేవంత్‌కి పిల్లనిస్తాడా? ఇవ్వడు. ఆ ఇవ్వకపోవడమే అసలు కథ.

ఇంకొకటి ఉంది. మతం మారినవాళ్ళకి అట్రాసిటీ చట్టం రక్షణ దొరకదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. రెండేళ్ళ ముందు, 2023 మార్చిలో, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని అదే రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. రేవంత్ లాంటి కుర్రాణ్ణి కులం పేరుతో తిట్టి కొడితే స్టేషన్లో అతన్ని మొదట అడిగేది ఎవరు కొట్టారని కాదు, చర్చికి పోతావా అని.

వచ్చే స్టడీ సర్కిల్‌లో 'మిస్సమ్మ', 'లవ్ స్టోరీ' ఒకే రోజు వెయ్యాలని మా మిత్రులతో అనుకున్నాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకు రండి. పాస్టర్లని కూడా పిలుద్దాం. మాటలు మాత్రం ముందు ఆడవాళ్ళు మొదలుపెట్టాలి. తాసీల్దారు ఆఫీసుకి బొట్టు పెట్టుకుని పోయింది వాళ్ళే కదా.